టెక్సాస్ స్ప్రింగులు, మహేశ్వరం మొరం

మహేశ్వరం మండలంలో ఎండిపోయిన పాత వ్యవసాయ బావి ఒకటి కనిపిస్తే గట్టున నిలబడి ఒకసారి లోపలికి తొంగిచూడాలి. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి. దాని కింద ఒకటి నుంచి మూడు మీటర్ల దాకా ఇసుకలా రాలే మొరం. ఆ తర్వాత చూపుకు రాయి, గడ్డపారకు మట్టి అన్నట్టుండే మెత్తబడ్డ గ్రానైటు. పోటు వేస్తే పొరలు పొరలుగా ఊడివస్తుంది. నేలమట్టం నుంచి పది పదిహేను మీటర్ల వరకూ దానిదే రాజ్యం. అక్కడి నుంచి మరో 15, 20 మీటర్లు పగుళ్ల రాయి, ఆ అడుగున అసలు బండ.

ఈ వరస ఇంత వివరంగా తెలియడానికి కారణం నీటి కరువు. హైదరాబాదుకు దక్షిణంగా 35 కిలోమీటర్ల దూరంలో, 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం పరీవాహక ప్రాంతాన్ని ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్సు భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ల తరబడి పరిశోధించాయి. మరెషాల్, దెవాండెల్ బృందాలు 2004లో, 2006లో వెలువరించిన పత్రాలతో, గట్టిరాతి నేలల్లో నీళ్ల గురించి చదువుకునేవాళ్లకు మహేశ్వరం పరిచితమైన పేరయింది. ఏ పొర ఎంత మందం, ఏ పగులులో నీరు ఎంత పారుతుంది అనే లెక్కలన్నీ వాటిలో ఉన్నాయి.

అదే నేలను ఇంకో ప్రశ్న అడిగితే మాత్రం జవాబు అంత సులువుగా రాదు. ఇందులో కాంక్రీటు పైలు దించి, దాని తలను పక్కకు తోస్తే, ఈ మొరం ఎంత ఎదురుతోస్తుంది?

పైలు అనగానే భారాన్ని కిందికి మోసే స్తంభమే గుర్తొస్తుంది. పక్కకు తోసే బలాల సంగతి తెలియాలంటే వీధిలోని కరెంటు స్తంభాన్ని చూస్తే చాలు. పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలన్నది స్తంభాలు పాతేవాళ్ల పాత లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఆ స్తంభాలు రెండు రకాలుగా పడ్డాయి. కొన్ని మొదలుతో సహా ఒరిగాయి, కొన్ని నేలకు కాస్త పైన విరిగాయి. మొదటి రకంలో ఓడింది నేల, రెండో రకంలో ఓడింది స్తంభం. బెంగ్ట్ బ్రోమ్స్ 1964లో రాసిన ప్రసిద్ధ పత్రాల సారం దాదాపు ఇదే. పొట్టి పైలు మట్టిని తోసుకుంటూ తిరిగిపోతుంది. పొడుగు పైలైతే మట్టి పూర్తిగా లొంగకముందే తానే లోపల విరుగుతుంది.

మహేశ్వరం పక్కనున్న శంషాబాద్‌లోనూ, అటు వెళ్లే దారుల్లోనూ ఇలాంటి తోపులకు కొదవ లేదు. 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సు బ్రేకు వేసినప్పుడల్లా ఆ బలం స్తంభాల గుండా పునాదికి దిగాల్సిందే. ఔటర్ రింగ్ రోడ్డు మీద అడ్డంగా నిలిచే పెద్ద బోర్డులను గాలి పట్టుకుని ఊపుతుంది. మహేశ్వరం 765 కేవీ సబ్‌స్టేషన్‌కు వచ్చే లైన్ల టవర్లు కొంత తెలివిగా తప్పించుకుంటాయి. నాలుగు కాళ్లూ ఎడంగా ఉండటంతో గాలి తోపులో ఎక్కువ భాగం ఒక పక్క కాళ్లను పైకి లాగే బలంగా, మరో పక్క కాళ్లను కిందికి నొక్కే బలంగా మారిపోతుంది. స్థలం చాలని చోట వేసే ఒంటిస్తంభం మోనోపోలుకు ఆ వెసులుబాటు లేదు. మొత్తం వంపు బలం ఒక్క పునాది మీదే పడుతుంది.

ఇక సోలార్ పలకలు. మహేశ్వరం మండలం రావిర్యాల ఈ-సిటీలో వాటిని తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి, విమానాశ్రయంలోనే రెండు విడతలుగా 10 మెగావాట్ల సౌర కేంద్రం ఉంది. పలక బరువు తక్కువ, గాలికి పట్టే వైశాల్యం ఎక్కువ. కాబట్టి దాని కింది పొట్టి పైలుకు మోత కంటే తోపూ, పైకి లాగే గుంజుడూ ముఖ్యం. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి 1000 మెగావాట్ల పార్కు లాంటిచోట అవి వేలకు వేలు. ఒక్కో పైలులో అర మీటరు పొడవు తేడా అంటే మొత్తం మీద ఎంత కాంక్రీటో ఊహించుకోవచ్చు. పక్కతోపు లెక్క పెద్ద వంతెనలకే అనుకోవడం అందుకే పొరపాటు.

లెక్క మొదలైంది రైలుపట్టాల దగ్గర. 1867లో ప్రాగ్‌లో ఎమిల్ వింక్లర్ ఒక ఊహ చేశాడు. నేలను ఒకదానితో ఒకటి సంబంధం లేని స్ప్రింగుల వరసగా అనుకుందాం, ఎంత నొక్కితే అంత ఎదురుతోస్తుంది అన్నాడు. 1888లో జిమ్మర్‌మన్ దాన్ని పట్టాల కింది దారికి వాడాడు. 1946లో హెటెన్యీ దూలాలన్నిటికీ కలిపి పుస్తకం రాశాడు. ఆ దూలాన్ని నిలువుగా నిలబెడితే పైలు, స్ప్రింగులు పక్కకు తిరుగుతాయి. నిజమైన మట్టి అలా విడివిడి స్ప్రింగుల్లా ఉండదని వింక్లర్‌కూ తెలిసే ఉంటుంది. ఒకచోట తోస్తే పక్కదీ కదులుతుంది. అయినా ఈ అబద్ధం నూటయాభై ఏళ్లు దాటి బతికింది, ఇంకా బతుకుతుంది.

ఎందుకు బతికిందో చిన్న లెక్క చెబుతుంది. మీటరు వ్యాసం, ఎం-35 కాంక్రీటు పైలు ఒకటి అనుకుందాం. మధ్యరకం గట్టి పొడి ఇసుకకు మన పైళ్ల కోడ్ ఐఎస్ 2911 పాత పట్టికలో లోతుతో పెరిగే బిగువు విలువ ఘనసెంటీమీటరుకు 0.775 కిలోలు. దానితో పైలు, నేలల గట్టిదనాలను పోల్చే ‘బిగువు పొడవు’ 2.86 మీటర్లు వస్తుంది. ఇప్పుడు నేల రెండింతలు గట్టిదని తేలిందనుకుందాం. ఆ పొడవు తగ్గేది కేవలం 13 శాతం, ఎందుకంటే సూత్రంలో నేల గట్టిదనం ఐదో మూలంలో ఉంటుంది. పైలులోని వంపు బలమూ అంతే తగ్గుతుంది. ఇంజనీరు నేలను సగానికి సగం తప్పు అంచనా వేసినా లోపలి కమ్మీల లెక్క పెద్దగా మారదు.

కదలిక దగ్గరికి వస్తే ఆ దయ కరిగిపోతుంది. అదే పైలు తల మీద 20 టన్నుల తోపు పెడితే మొదటి నేలలో 7.8 మిల్లీమీటర్లు కదులుతుంది, రెండో నేలలో 5.2. కార్ల్ టెర్జాగీ 1955లో స్ప్రింగు విలువల పట్టికలిస్తూ ఈ హెచ్చరికే చేశాడు. వంపు బలానికి వీటిని వాడుకోండి, కదలిక అంచనాకు మాత్రం వద్దన్నాడు. పట్టికలు అందరూ తీసుకున్నారు, హెచ్చరిక చాలామంది పేజీలోనే వదిలేశారు. మన కోడ్ లెక్క నడిచేదేమో కదలిక మీదే. పరీక్షలో 5 మిల్లీమీటర్లు కదిలించిన భారం, 12 మిల్లీమీటర్లు కదిలించిన భారంలో సగం, ఈ రెండింటిలో తక్కువదే సురక్షిత పార్శ్వ భారమని ఐఎస్ 2911 నాలుగో భాగం చెబుతుంది. కట్టడానికి ఇంకేదైనా హద్దు పెట్టుకుంటే అదీ చూడాలి.

స్ప్రింగు తిన్నని గీతలా ఉండదని, తోసేకొద్దీ అలసిపోతుందని లెక్కలోకి తెచ్చింది చమురు. మెక్సికో సింధుశాఖలో సముద్రపు వేదికలు నిలబెట్టాల్సివచ్చింది, తుపాను అలలు వాటిని పక్కనుంచి కొడతాయి. మెక్‌క్లెలాండ్, ఫోక్ట్ 1956లో దారి చూపారు. ప్రతి లోతు దగ్గరా నేల ఎదురుతోపు ఒకవైపు, పైలు కదలిక మరోవైపు పెట్టి వంపు గీత గీయాలి. వాడుకలో అవే ‘పి-వై’ వక్రరేఖలు. తర్వాతి ఇరవై ఏళ్లలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు నిజమైన పైళ్లను తోసి ఒక్కో రకం నేలకు ఒక్కో గీత తయారుచేశారు. హడ్సన్ మాట్లాక్ 1970లో మెత్తటి బంకమట్టికి ఇచ్చిన గీత వెనక ఉన్నది 324 మిల్లీమీటర్ల వ్యాసం ఉక్కు గొట్టం, ఆస్టిన్ సరస్సు దగ్గరా సబీన్ దగ్గరా చేసిన పరీక్షలు. లిమన్ రీస్ బృందం 1974లో ఇసుకకు ఇచ్చిన గీతకు పుట్టిల్లు మస్టాంగ్ ద్వీపం, పైలు వ్యాసం 610 మిల్లీమీటర్లు. గట్టి బంకమట్టికి మేనర్ అనే ఊరు.

ఇక్కడ కాసేపు ఆగాలి. కంప్యూటరు ప్రోగ్రాములో ‘ఇసుక’ అనే మాట మీద క్లిక్ చేసినప్పుడు లోపల కదిలేది సాధారణంగా ఈ టెక్సాస్ ఊళ్ల నేలే. వాడేవాళ్లకు అది కనపడదు. గీతకు పుట్టిన ఊరు, పెరిగిన పైలు వ్యాసం ఉంటాయన్న సంగతి తెరమీద ఎక్కడా రాసి ఉండదు.

తెలుగు తీరానికి ఆ గీతలు పెద్దగా పరాయివి కావు. సురసాని యానాం ఎదురుగా ఉన్న రవ్వ క్షేత్రంలోనూ, కాకినాడ తీరానికి ఎదురుగా 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైన కేజీ-డి6లోనూ అడుగున ఉన్నది నదులు తెచ్చిన మెత్తటి సముద్రపు బంకమట్టి, మెక్సికో సింధుశాఖకు దూరపు చుట్టమే. మన దగ్గర ఈ దిశలో చెప్పుకోదగ్గ పని ఐఐటీ మద్రాసులో జరిగింది. ఎస్. నరసింహారావు, రామకృష్ణ, బాబూరావు 1998లో సముద్రపు బంకమట్టిలో పైళ్ల గుంపులను తోసి చూసిన ఫలితాలు అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం పత్రికలో వచ్చాయి. అంతకు చాలాముందే, 1971లో, ఐఐటీ కాన్పూరులో ఎం.ఆర్. మాధవ్, ఎన్.ఎస్.వి. కామేశ్వరరావు, మాధవన్‌తో కలిసి, కొంతవరకూ స్ప్రింగులా ఉండి ఆ తర్వాత లొంగిపోయే నేలలో పైలు లెక్కను జపాన్ పత్రికలో ప్రచురించారు. పెద్ద కంప్యూటర్లు అరుదైన రోజుల్లో అది తక్కువ పనేమీ కాదు. మాధవ్ ఆ తర్వాతి కాలంలో హైదరాబాదు జేఎన్‌టీయూలో పాఠాలు చెప్పారు.

గుంపు సంగతి వేరు. మూడు వరసల పైళ్లను ఒకే వైపు తోస్తే ముందు వరస కొత్త మట్టిని తోస్తుంది, వెనక వరసలు అప్పటికే వదులైన మట్టిని తోస్తాయి. 1988లో బ్రౌన్, మారిసన్, రీస్ ఇసుకలో తొమ్మిది పైళ్ల గుంపును తోసి, ఒంటరి పైలుతో పోలిస్తే ముందు వరసకు 0.8, మధ్య వరసకు 0.4, చివరి వరసకు 0.3 వంతు ఎదురుతోపే దక్కుతుందని తేల్చారు. దుక్కిలో ముందు నాగలి వెనక నడిచే నాగళ్లకు నేల ఎలా తేలికవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు.

స్ప్రింగులే వద్దు, నేలను అతుకుల్లేని ఒకే ముద్దగా చూద్దామన్న బడి ఇంకొకటి. హ్యారీ పౌలోస్ 1971లో, మార్క్ రాండాల్ఫ్ 1981లో ఆ దారిన సూత్రాలిచ్చారు. ఇప్పుడు ప్లాక్సిస్ లాంటి ప్రోగ్రాములు నేలను లక్ష ముక్కలు చేసి లెక్కిస్తాయి. చిత్రం అందంగా వస్తుంది. అందులోకి ఎక్కించిన మట్టి గుణాలు ఎక్కడివన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

ఈ రెండు బళ్లనూ ఒకచోట చేర్చింది ఇంగ్లండు గాలిమరలు. పాత గీతలు సన్నటి పొడుగాటి పైళ్లవి, సముద్రపు గాలిమరల పునాదులేమో లావుగా పొట్టిగా ఉంటాయి. అలాంటి పైలు వంగడం కంటే తిరగడం ఎక్కువ. పీసా అనే ప్రాజెక్టులో ఆక్స్‌ఫర్డ్, ఇంపీరియల్ కాలేజీ, యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ వాళ్లు కౌడెన్ బంకమట్టిలో, డంకర్క్ ఇసుకలో కలిపి 28 పైళ్లను తోశారు, అన్నిటికన్నా లావుది రెండు మీటర్ల వ్యాసం. తేలిందేమిటంటే పక్క స్ప్రింగు ఒక్కటీ చాలదు. పైలు చుట్టుకొలత మీద రాపిడి ఇచ్చే తిరుగుడు నిరోధం, అడుగున పక్కకు జారనివ్వని బలం, అడుగున తిరగనివ్వని బలం కూడా కలపాలి. మొత్తం నాలుగు రకాల స్ప్రింగులు.

సముద్రం లేని మహేశ్వరానికి ఇది పనికొచ్చే పాఠం. ఇక్కడ లావుపాటి పైలు రిగ్గు కొన్ని మీటర్లు దిగేసరికే గట్టి పొర తగిలి మొరాయిస్తుంది. అసలు రాయి చేతికందే లోతులో ఉన్నచోట ఇంజనీరు పైలు మాటే ఎత్తడు, ఓపెన్ ఫౌండేషన్ వేసి ముగిస్తాడు. పైలు వేసిన చోట అది లావు, పొట్టి, కాలు రాతిలో ఇరుక్కున్న రకం. బ్రోమ్స్ పొట్టి పైలూ కాదు, పొడుగు పైలూ కాదు. అడుగున రాతి పట్టు ఎంతన్నది ఇక్కడ లెక్కలో ముందుకు రావాలి, కోడ్‌లోని ‘ఇంత లోతున బిగిసిపోయిందనుకుందాం’ అనే సులువు సూత్రం దాన్ని నేరుగా పట్టించుకోదు.

ఇంకో చిక్కు పరీక్ష దగ్గర. బోరులో సుత్తి దెబ్బలు లెక్కపెట్టే ఎస్‌పీటీ మన సైట్లలో అందరికీ తెలిసిందే. 30 సెంటీమీటర్లు దిగడానికి 50 దెబ్బలు దాటితే రిపోర్టులో ‘రిఫ్యూజల్’ అని రాసి ఊరుకుంటారు. మెత్తబడ్డ గ్రానైటు తొందరగానే ఆ గీత దాటేస్తుంది. రాయిగా పరీక్షిద్దామంటే కోర్ ముక్కలై వస్తుంది, ప్రయోగశాలకు పంపడానికి నిండు నమూనా దొరకదు. అంటే పైలును పక్కనుంచి పట్టుకునే పొర గురించే కాగితం మీద సమాచారం తక్కువ. పక్కతోపును మోసేది ముఖ్యంగా పైలు వ్యాసానికి ఐదు నుంచి పదింతల లోతు లోపలి నేల, మీటరు పైలుకైతే పై ఐదు పది మీటర్లు. బావి గోడలో కనిపించిన ఆ పొరల పొరల గ్రానైటు సరిగ్గా అక్కడే ఉంది. రంధ్రంలో గొట్టాన్ని ఉబ్బించి గోడ ఎంత లొంగుతుందో కొలిచే ప్రెషర్‌మీటరు ఇలాంటి చోట అక్కరకొస్తుంది. అది ఖర్చని పక్కన పెట్టేస్తుంటారు. పైలు పొడవులో దాచే మీటర్ల విలువతో పోల్చి చూస్తే ఆ మాట నిలబడదు.

బలహీనమైన రాయికి గీతలు అసలే లేవని కాదు. రీస్ 1997లో ఒకటి ఇచ్చాడు. దాని వెనక ఉన్నవి ఫ్లోరిడాలోని ఇస్లమొరాడా సున్నపురాయిలో ఒక పరీక్ష, శాన్‌ఫ్రాన్సిస్కో ఇసుకరాతిలో ఒకటి. రెండే. మహేశ్వరానికి దగ్గరి బంధువు కావాలంటే అమెరికా తూర్పున పీడ్‌మాంట్ ప్రాంతాన్ని చూడాలి. గ్రానైటు, నైస్ రాళ్లు అక్కడా మెత్తబడి మట్టిగా మారుతున్నాయి. నార్త్ కరోలినా రవాణా శాఖ కోసం గేబర్, బోర్డెన్ బృందం 2002లో వాతావరణానికి చివికిన రాతికి, అలబామా కోసం సింప్సన్, బ్రౌన్ 2003లో చివికిన మట్టికి సొంత పరీక్షలతో గీతలు తయారుచేశారు. ఒక రాష్ట్ర రోడ్ల శాఖ తన నేలకు తన గీత గీయించుకుంది, అదే గమనించాల్సింది. వాటిని కూడా ఉన్నపళంగా ఇక్కడికి తెచ్చుకోలేం. అక్కడ ఏడాది పొడుగునా వానలు, ఇక్కడ నాలుగు నెలల వాన తర్వాత ఎనిమిది నెలల ఎండ.

ఆ తేడా చిన్నది కాదు. బోర్లు తోడితోడి మహేశ్వరంలో నీటిమట్టం పగుళ్ల రాతిలోకి దిగిపోయింది, పైనున్న మొరం చాలావరకూ పొడిగా ఉంటుందని నీళ్ల పరిశోధకులే రాశారు. పూర్తిగా ఎండని, పూర్తిగా తడవని మట్టికి ఒక అదనపు పట్టు ఉంటుంది. పిల్లలు పాదం మీద తడి ఇసుక కప్పి పిచ్చుక గూడు కట్టగలిగేది ఆ పట్టుతోనే. అదే గూటి మీద చెంబెడు నీళ్లు పోస్తే కూలుతుంది. మే నెలలో తోసిన పైలు చూపే మొండితనం సెప్టెంబరులో అంతే ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. 2020 అక్టోబరు వానలకు శంషాబాద్ పక్కన గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీదికి వచ్చినప్పుడు పై పొరల మొరం ఎంత నానిపోయిందో ఊహించవచ్చు. కర్నూలు నల్లరేగడిలో ఇది తలకిందులు. వానలో మట్టి ఉబ్బి పైలును కరుచుకుంటుంది, ఎండలో బీటలు వారి పైలుకూ మట్టికీ మధ్య సందు వదులుతుంది. గాలి తోపుకు పైలు ముందు ఆ సందును దాటాలి, తర్వాతే స్ప్రింగు మొదలు.

భూకంపం మాట అడగకుండా ఉండరు. 2001 భుజ్ భూకంపంలో కాండ్లా రేవు కార్యాలయ భవనం, 22 మీటర్ల ఎత్తుది, 18 మీటర్ల పొడవున్న 32 పైళ్ల మీద నిలిచినా కింది ఇసుక నీరుగారడంతో ఒరిగింది. హైదరాబాదు చుట్టుపక్కల నీటితో నిండిన వదులు ఇసుక లేదు, భూకంప ముప్పు తక్కువ మండలం. ఇక్కడి పైలుకు శత్రువు గాలి, బ్రేకు, క్రేను లాంటి రోజువారీ తోపులే.

విమానాశ్రయ మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, ఆ తర్వాత ప్రభుత్వం మారి దారి మార్చారు. ఏ దారిన వచ్చినా మెట్రో స్తంభాలు ఇదే మొరంలోకి దిగుతాయి. దానికి ముందు చేయదగ్గ పని పెద్ద ఖర్చుదేమీ కాదు. పార్శ్వ భార పరీక్షకు రెండు పైళ్ల మధ్య జాకీ పెట్టి ఒకదాన్ని ఇంకోదానితో తోయిస్తే సరిపోతుంది, ఒక్క జాకీకి రెండు పైళ్ల ఫలితం వస్తుంది. సాధారణంగా తలకు డయల్ గేజీలు బిగించి, కావలసిన అంకె రాగానే జాకీ దించేస్తారు. లోపల ఏ లోతున పైలు ఎంత వంగిందో ఎవరూ చూడరు. కమ్మీల బుట్టకు ముందే ఇంక్లినోమీటరు గొట్టం, కొలత తీగలు కట్టి దించితేనే గీత గీయగలిగే సమాచారం దక్కుతుంది.

మహేశ్వరంలో ఆ పని చేయడానికి మంచి చోటు ఇప్పటికే ఉంది. నీళ్ల పరిశోధన కోసం తవ్విన బోర్ల పక్కన పొరల లెక్క కాగితం మీద సిద్ధంగా ఉంది. అక్కడ మీటరు వ్యాసం పైళ్లు ఒక జత, సోలార్ పలకల కింద వేసే సన్నటి పొట్టి పైళ్లు ఇంకో జత. ఒకసారి మే నెల చివర, ఇంకోసారి సెప్టెంబరులో చెరువులు నిండాక. 5 మిల్లీమీటర్ల దగ్గర ఆగకుండా, మొరం లొంగేదాకా.